వెనక కాలు కుంటే లాబ్రడార్‌కు నొప్పి మాత్ర ఒక్కటే చాలదు

ప్రశ్న: మామిడి తోటకు కాపలా ఉండే మా ఆడ లాబ్రడార్‌కు ఆరేళ్లు, బరువు 38 కిలోలు. అడవి పందిని తరిమిన దగ్గర్నుంచి కుడి వెనక కాలు వేళ్ల చివర మాత్రమే ఆనిస్తోంది. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్ర సగం చొప్పున రెండు రోజులు వేశాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ కుంటుతోంది. ఏం చేయాలి?
– ఒక రైతు, నూజివీడు

జవాబు: ముందు డైక్లోఫెనాక్ ఆపండి. అది కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్ కూడా అంతే. వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

పాదంలో ముల్లు, విరిగిన గోరు, వేళ్ల సందున గాటు ఉన్నాయేమో వెతకండి. అవేమీ లేకపోతే మోకాలి లోపలి ముందు లిగమెంటు (రెండు ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగిందనే ఎక్కువ అనుమానం. కూర్చున్నప్పుడు ఆ కాలిని మడవకుండా పక్కకు చాపుతోందా? వెనక నిలబడి రెండు తొడలూ ఒకేసారి తడమండి, కుడివైపు కండ సన్నబడిందేమో తెలుస్తుంది. జ్వరం ఉండి, ఒకసారి ఒక కాలు, మరోసారి ఇంకో కాలు కుంటితే మాత్రం పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియాకు రక్తపరీక్ష చేయించాలి.

గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడ చూపించండి. తొడ ఎముకను కదలకుండా పట్టుకుని కింది ఎముకను ముందుకు నెడితే, లిగమెంటు తెగిన మోకాలు సొరుగులా ముందుకు జారుతుంది. పెద్ద కుక్క కండలు బిగబడితే ఈ జారుడు దొరకదు, అందుకే మత్తిచ్చి చూడమని అడగండి. ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు. కీలులో నీరు, ఎముక అంచుల పెరుగుదల కనబడతాయి. ఎముక విరగడం, ఎముక క్యాన్సర్ లేవని కూడా తేలుతుంది.

డాక్టర్ సాధారణంగా రాసేది మెలాక్సికామ్: మొదటి రోజు కిలో బరువుకు 0.2 మి.గ్రా., తర్వాత రోజుకోసారి 0.1 మి.గ్రా., మేత పెట్టాకే. మీ కుక్కకైతే 7.6, ఆపైన 3.8 మి.గ్రా. డైక్లోఫెనాక్ వేసిన సంగతి తప్పక చెప్పండి, రెండింటి మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ దీనితో కలపకూడదు.

మాత్రతో నొప్పి తగ్గగానే కుక్క పరుగు తీస్తుంది. వదులైన కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు నలిగి చిరుగుతుంది. నడుస్తుంటే మోకాట్లో టక్కుమని శబ్దం వస్తే అదే కావచ్చు. కాబట్టి 6-8 వారాలు గొలుసుతోనే బయటికి తిప్పాలి. మెట్లు, గెంతులు వద్దు, నున్నటి బండల మీద గోనెపట్టా పరచండి. 15 కిలోల లోపు కుక్కలు చాలావరకు ఇంతతోనే కోలుకుంటాయి. ఈ బరువుకు ఆపరేషనే మేలు: కింది ఎముక పైభాగాన్ని కోసి, తిప్పి, ప్లేటు బిగించే టీపీఎల్‌వో. అది కుదరకపోతే కీలు బయటి నుంచి గట్టి నైలాన్ దారంతో బిగిస్తారు. బరువు 30 కిలోలకు దించండి, పెరుగన్నం సగానికి తగ్గించండి. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగం వాటికి ఏడాది రెండేళ్లలో రెండోది కూడా పోతుంది.

రెండు వెనక కాళ్లూ ఒక్కసారిగా ఈడ్చినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నుపాము సమస్య కావచ్చు, గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి.