వెనక స్పీకర్లలో చప్పట్లు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. మొన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున్న కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. అమెరికా రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన కచేరీ మీద, అదీ సరౌండ్ మిక్స్ (వినేవాడి చుట్టూ పెట్టిన స్పీకర్లలోకి శబ్దాల్ని పంచి కూర్చినది) మీద, తెలుగులో ఒక కుర్రాడు పది పేజీలు రాశాడంటేనే నాకు కడుపు నిండిపోయింది. అట్లాంటాలో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పిల్లాడు పడుకున్నాక గదిలో ఐదు స్పీకర్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నానని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యంతో నువ్వు నాకు దగ్గరయ్యావు. అందుకే మెచ్చుకుని ఊరుకోకుండా ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మొదటి మూడు పేజీలు తీసెయ్. నీ రిసీవర్ ఎన్ని వాట్లు, స్పీకర్లు ఏ కంపెనీవి, సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టావు, ఇవన్నీ నీకు కావాలి, పాఠకుడికి అక్కర్లేదు. అతని ఇంట్లో ఆ సామాను ఉండకపోవచ్చు. ఆ పాట వినే అవకాశమే ఉండకపోవచ్చు. నీ చెవి తప్ప అతనికి వేరే దారి లేదు. కాబట్టి చెవికి పడినదేదో చెప్పు. "అద్భుతం" అన్న మాట పదకొండు సార్లు వాడావు. ఆ మాట కనబడ్డ ప్రతిచోటా నువ్వు ఏదో ఒకటి నిజంగా విన్నావని నాకు తెలుస్తోంది. కానీ విన్నదేమిటో రాయకుండా ముందుకెళ్లిపోయావు. ఆ పదకొండు చోట్లకీ మళ్లీ వెళ్లి కూర్చో.

ఇక అసలు సంగతి. ఏడో పేజీలో నువ్వు చేసిన ఫిర్యాదు. "వెనక స్పీకర్లు దాదాపు ఖాళీ. చప్పట్లు, హాలు ప్రతిధ్వని తప్ప ఏమీ లేవు. ఆరుగురు వాయిస్తుంటే అందర్నీ ముందే నిలబెట్టి ఐదు స్పీకర్లు వృథా చేశారు" అన్నావు. ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వెనక నుంచి చప్పట్లే వస్తున్నాయన్నది నువ్వు సరిగ్గా విన్నావు. వృథా అన్నది మాత్రం వినకుండా అన్న మాట.

ఆ స్టేజీని ఒకసారి కళ్లముందు పెట్టుకో. ఇద్దరు డ్రమ్మర్లు, బుచ్ ట్రక్స్, జైమో. ఇద్దరు గిటారిస్టులు, డ్వేన్ ఆల్‌మన్, డికీ బెట్స్. బేస్ గిటార్ బెర్రీ ఓక్లీ. ఆర్గన్ ముందు కూర్చుని పాడేది డ్వేన్ తమ్ముడు గ్రెగ్. అందరూ ఒకే స్టేజీ మీద, పెద్ద పెద్ద ఆంప్లిఫయర్లతో, ఒకేసారి. శబ్దమంతా 16 ట్రాకుల టేపు మీదకి ఎక్కుతోంది. స్టూడియోలోలాగా మధ్యలో అద్దాల గోడలు లేవు. డ్రమ్స్ కోసం పెట్టిన మైకులో డ్రమ్స్ ఒక్కటే పడవు, పక్కనున్న గిటార్ కూడా పడుతుంది. పాట కోసం పెట్టిన మైకులో తాళం చిప్పల మోత పడుతుంది. అంటే పేరుకి 16 ట్రాకులే గానీ, ప్రతి ట్రాకులోనూ పక్కవాడి నీడ ఉంటుంది.

ఇప్పుడు నువ్వడిగినట్టు డ్వేన్ గిటార్‌ని తీసుకెళ్లి నీ వీపు వెనక పెట్టారనుకో. అతని నీడ డ్రమ్స్ మైకుల్లో ముందే ఉండిపోతుంది. గిటార్ ఒకచోట, దాని మసక ప్రతిబింబం ఇంకోచోట. చెవి తికమక పడుతుంది, దెబ్బలో పదును పోతుంది. లైవ్ రికార్డుకి సరౌండ్ మిక్స్ చేసేవాళ్లు ఎక్కువగా వాద్యాల్ని ముందుంచి, హాలుని వెనక పెట్టడానికి ఒక పెద్ద కారణం ఇదే. బద్ధకం కాదు. ఆ టేపు ఎలా పుట్టిందో దానికి ఇచ్చే మర్యాద అది.

ఈ నీడ గొడవ ఆ కచేరీ రోజునే మొదలైంది. మొదటి రాత్రి బ్యాండ్‌తో పాటు సాక్సఫోన్ వాళ్లు కూడా స్టేజీ ఎక్కారు. బయట రికార్డింగ్ చూస్తున్న నిర్మాత టామ్ డౌడ్ బెంబేలెత్తిపోయాడు. ఆ శబ్దం అందరి మైకుల్లోకీ కారిపోతోంది, తర్వాత తీసేద్దామన్నా రాదు. వాళ్లు వద్దని పట్టుబట్టాడు. ఆ రాత్రి ప్రదర్శన అయ్యాక అందర్నీ స్టూడియోకి తీసుకెళ్లి టేపులు వినిపించాడు, మర్నాడు ఏది మళ్లీ వాయించాలో ఏది అక్కర్లేదో వాళ్లతోనే తేల్చుకోవడానికి. ఆ రెండు రాత్రుల్లో చేసిన నాలుగు ప్రదర్శనలూ, 1971 జూన్ 27న హాలు మూసేసిన రాత్రి వాయించినదీ కలిపి 2014లో పూర్తిగా విడుదల చేశారు కదా, బ్లూరే మీద 5.1లో (అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కూడా. నీ దగ్గర ఉన్నది అదే కాబట్టి సాక్సఫోన్ ఉన్న పాటలు వెతికి విను. డౌడ్ ఎందుకు అంత కంగారుపడ్డాడో నేను చెప్పే కంటే నీ చెవే బాగా చెబుతుంది. అలా వింటూ రాసుకున్న కాయితాలే నీ ఏడో పేజీ అవుతాయి.

ఇంకో పని చెయ్. ముందున్న మూడు స్పీకర్ల వైర్లు తీసేసి, వెనకవి రెండే వదిలి ఒక పాట మొత్తం విను. నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని ఇది. బ్యాండ్ దూరమైపోయి, నువ్వు హాలు చివరి వరుసలో గోడకి ఆనుకుని నిలబడ్డట్టుంటుంది. ఎవడో ఈల వేస్తాడు. చప్పట్లు అందరూ ఒకేసారి మొదలుపెట్టరు, ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత వాన అందుకున్నట్టు మిగతావాళ్లు. పాట మధ్యలో గిటార్ మెత్తగా దిగిపోయినప్పుడు ఆ జనం ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో అక్కడ తెలుస్తుంది. రెండున్నర వేల పైచిలుకు సీట్లున్న హాలు ఊపిరి బిగబట్టడమంటే ఏమిటో వెనక స్పీకర్లోనే ఉంది. దాన్ని ఖాళీ అన్నావు నువ్వు.

తీర్పు ఇచ్చే ముందు వైర్లు చూసుకోమని కూడా చెప్పాలి. కష్టంగానే చెబుతున్నాను. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక సరౌండ్ ఆల్బమ్ మీద వ్యాసం రాశాను. గాయకుడి గొంతు పూర్తిగా అణిచేశారని, మిక్స్ చేసినవాడికి పాట మీద ప్రేమే లేదని రాశాను. అచ్చయిన నెలకి తెలిసింది, మా ఇంట్లో మధ్య స్పీకర్ వైరు ఊడిపోయి ఉందని. 5.1 మిక్సుల్లో గొంతు ఎక్కువగా ఆ మధ్య స్పీకర్లోనే ఉంటుంది. ఎక్కడో నెలలు కూర్చుని పనిచేసిన మనిషి మీద నేను అభాండం వేశాను. మరుసటి సంచికలో క్షమాపణ రాశాను గానీ, మొదటి వ్యాసం చదివినవాళ్లందరూ రెండోది చదివి ఉండరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచీ ఏ మిక్స్‌నైనా తప్పుపట్టే ముందు లేచి వెళ్లి ఒక్కో స్పీకర్ దగ్గర చెవి పెట్టి వస్తాను.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన చోటు "విప్పింగ్ పోస్ట్" పాట మొదలు. బెర్రీ బేస్ ఒక్కటే వస్తుంటే "కాలు కింద నేల కదిలింది" అన్నావు. బాగుంది. కానీ ఎందుకు కదిలిందో చెప్పలేదు. నేను చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి నాకు ఆ లెక్క ముందు దొరికింది. నువ్వు కూడా చేత్తో వేసి చూడు: తకిట తకిట తకిట తక. మూడు, మూడు, మూడు, రెండు. మొత్తం పదకొండు. రాక్ పాట వినే చెవి పన్నెండు కోసం కాచుకుని ఉంటుంది. నాలుగో తకిట పూర్తవుతుందనుకున్న చోట ఒక అక్షరం ముందే మళ్లీ మొదలైపోతుంది. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. నేల కదిలింది అందుకే. గ్రెగ్ అది పదకొండు అని తెలియకుండానే కట్టాడట, తర్వాత అన్న చెబితే తెలిసింది.

ఇలాంటి చోట మన భాష నీకు గొప్ప ఆసరా. తకిట, తక, ఎడుపు, ముక్తాయింపు లాంటి మాటలు మన పాఠకుడి చేతివేళ్లకే తెలుసు. ఒక్క వాక్యంలో పని అయిపోతుంది. అలాగని ప్రతిదానికీ మనది తెచ్చి తగిలించకు. నాలుగో పేజీలో డ్వేన్ స్లైడ్ గిటార్‌ని వీణ గమకంతో పోల్చావు. అది నిలబడదు. వీణలో తీగని మెట్టు మీద లాగుతారు. డ్వేన్ ఎడమచేతి ఉంగరం వేలికి జలుబు మాత్రల ఖాళీ గాజు సీసా తొడుక్కుని, తీగని అసలు మెట్టుకి తాకనివ్వకుండా దాని మీద జార్చుతాడు. రెండూ స్వరాన్ని వంచుతాయి, నిజమే. కానీ గాజు తీగ మీద జారేటప్పుడు వచ్చే ఆ సన్నటి గరగర వీణలో ఉండదు, "స్టేట్స్‌బరో బ్లూస్" మొదట్లోనే ఉంటుంది. అది రాయి. పోలిక అక్కర్లేదు.

"ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్" గురించి నువ్వు నాలుగు లైన్లతో సరిపెట్టావు. నన్నడిగితే వ్యాసమంతా దాని మీదే రాయొచ్చు. డికీ బెట్స్ మొదటి స్వరాలు ఎలా వస్తాయో గమనించావా? తీగ మీటిన దెబ్బ వినబడదు. వాల్యూమ్ నాబ్ తగ్గించి మీటి, తర్వాత మెల్లగా పెంచుతాడు. దెబ్బ పోయి నాదం ఒక్కటే ఊరుతుంది, వయొలిన్ మీద కమాను పెట్టినట్టు. కాసేపటికి రెండు గిటార్లూ కలిసి ఒకే పాటని పట్టుకుంటాయి. స్టీరియోలో ఒకటి ఒక పక్క, ఇంకొకటి ఇంకో పక్క ఉంటాయి. అయినా ఆ కలిసిన చోట మూడో గిటార్ ఏదో మధ్యలో పుట్టినట్టుంటుంది. సరౌండ్ మిక్సులన్నిటికీ నేను పెట్టే పరీక్ష ఇదే: వాద్యాల్ని విడదీసి చూపించడం ఎవరైనా చేస్తారు, ఆ మధ్యలో పుట్టినదాన్ని బతకనిచ్చారా లేదా? మరీ దూరం దూరంగా పెడితే ఇద్దరు మనుషులు వినబడతారు గానీ వాళ్ల స్నేహం వినబడదు. నువ్వు ఈ మిక్స్ విని ఏమంటావో నాకు తెలుసుకోవాలని ఉంది. 2015లో వచ్చిన వాళ్ల "ఐడిల్‌వైల్డ్ సౌత్" ఆల్బమ్ డిస్కుల పెట్టెలో ఇదే పాట స్టూడియోలో వాయించినది 5.1లో ఉంది. స్టూడియోలో ఏడు నిమిషాలు, హాల్లో పదమూడు. రెండూ ఒకే రాత్రి పక్కపక్కన పెట్టుకుని విను.

నాలుగు స్పీకర్ల క్వాడ్ గురించి ఒక పేజీ రాశావు. అంత అక్కర్లేదు. డెబ్బైల్లో ఒకదానితో ఒకటి పొసగని పద్ధతులు మూడు నాలుగు వచ్చి, ఏది కొనాలో తెలియక జనం విసిగిపోయి అది చచ్చిపోయింది. రెండు వాక్యాలు చాలు.

దానికి బదులు ఆ బ్యాండ్ ఊరు మేకన్ గురించి, అమెరికా దక్షిణాది గురించి రాయి. "సదరన్ రాక్" అని అరవైసార్లు అన్నావు, సౌత్ అంటే ఏమిటో ఒక్కసారీ చెప్పలేదు. రాక్ పుట్టిందే దక్షిణాదిలో, మళ్లీ సదరన్ రాక్ అనడం రాక్ రాక్ అన్నట్టుంటుందని గ్రెగ్ ఆల్‌మన్ అనేవాడు. ఆ సంగీతం అడుగున నల్లవాళ్ల బ్లూస్ ఉంది. "స్టేట్స్‌బరో బ్లూస్" 1928లో బ్లైండ్ విలీ మెక్‌టెల్ పాడినది, స్టేట్స్‌బరో మీ జార్జియాలోని ఊరే. 1969లో నల్లవాడైన జైమో, ఐదుగురు తెల్లవాళ్లు ఒకే బ్యాండ్‌గా మేకన్‌లో కాపురం పెట్టడం అక్కడ చిన్న సంగతి కాదు. ఈ తరహా సంగీతం చేసిన మరికొందరు, బానిసత్వం నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండాని స్టేజీ మీద తమ వెనక కట్టుకుని పాడారు. దాన్ని దాచకు. పాట నచ్చింది కాబట్టి జెండా కనబడలేదని రాసేవాణ్ణి పాఠకుడు మిగతా విషయాల్లోనూ నమ్మడు.

మేకన్ నీకు ఒకటిన్నర గంట దూరం. ఒక ఆదివారం కారులో వెళ్లిరా, పిల్లాణ్ణి కూడా తీసుకెళ్లు. ఊళ్లో రోజ్ హిల్ శ్మశానం ఉంది. ఎలిజబెత్ రీడ్ అన్న పేరు డికీకి దొరికింది అక్కడి ఒక సమాధి రాయి మీదే. ఫిల్‌మోర్ ఈస్ట్ ఆల్బమ్ వచ్చి నాలుగు నెలలైనా తిరక్కుండానే, 1971 అక్టోబర్ 29న, డ్వేన్ మేకన్‌లోనే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాది తర్వాత అదే ఊళ్లో, అలాగే మోటార్‌సైకిల్ మీదే బెర్రీ పోయాడు. ఇద్దరికీ ఇరవై నాలుగే. ఇద్దర్నీ అక్కడ పక్కపక్కనే పెట్టారు. సరౌండ్‌లో నీ ముందు ఊపిరి పీలుస్తున్నట్టు నిలబడి వాయిస్తున్నవాళ్లకి ఆ రాత్రి నీ కంటే చిన్న వయసు. ఈ సంగతి వ్యాసంలో ఎక్కడ పెట్టాలో నీ ఇష్టం. నేనైతే బేస్ మొదలయ్యే చోట ఒకే వాక్యంలో పెడతాను.

వచ్చిన తర్వాత "విప్పింగ్ పోస్ట్" చివరి రెండు నిమిషాలు మళ్లీ విను. ఇరవై మూడు నిమిషాల పాట, రికార్డు ఒక పక్కంతా అదే. అది ఆగదు. బుచ్ ట్రక్స్ పెద్ద టింపనీ డోళ్లు మోగిస్తూ ఇంకో పాటలోకి వెళ్లిపోతుంటాడు, చప్పట్లు వస్తూనే ఉంటాయి, ఆల్బమ్ మసకబారిపోతుంది. ఆ మసకలో ముందు స్పీకర్లలో ఏది చివరిగా పోయింది, వెనక ఏది చివరిగా మిగిలింది, అది రాసి పంపు. ఒక్క పేజీ చాలు. దానికి వెంటనే జవాబు రాస్తాను.

కోడలికి నా ఆశీస్సులు చెప్పు. స్పీకర్ల మధ్య కుర్చీ గోడకి మరీ ఆనించకు, వెనక శబ్దం ముద్దగా వస్తుంది.

ఇట్లు,
మీ అన్నయ్య