బెంగళూరులో స్పోర్ట్స్ ఫిజియో అవుదామని వస్తున్నారా?

బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, అయిపోగానే అనంతపురం నుంచో నెల్లూరు నుంచో బెంగళూరు బస్సెక్కే పిల్లలు ముందు అడిగేది జీతం ఎంతొస్తుందని. అడగాల్సిందే, మారతహళ్ళిలో పీజీ అద్దె కట్టాలి కదా. కానీ ఈ పనిలో నిలబడాలనుకుంటే చేరబోయే క్లినిక్‌లో ఇంకో మాట కూడా అడగండి: పేషెంట్‌ని మళ్ళీ ఆటలోకి దిగేదాకా చూస్తారా, నొప్పి తగ్గగానే పంపించేస్తారా? ఒక సాయంత్రం అక్కడ కూర్చుని చూడండి. బరువులు ఉన్నాయా, నాలుగు అడుగులు పరిగెత్తి గెంతడానికి జాగా ఉందా, లేక వరసగా మంచాలూ, ప్యాడ్లు అతికించి కరెంటుతో నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ మెషీన్లేనా? రెండేళ్ళు ప్యాడ్లు అతికిస్తూ గడిపేసిన తెలివైన పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడ మీ దగ్గరికి వచ్చేది టీవీలో కనిపించే క్రికెటర్లు కాదు. వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం పొద్దున్నే షటిల్ కోర్టులో దూకే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, టెన్‌కే (పది కిలోమీటర్ల) పరుగు దగ్గర పడిందని కబ్బన్ పార్కులో కిలోమీటర్లు ఒక్కసారిగా పెంచేసినవాళ్ళు. చీలమండ బెణికిందనో పిక్క పట్టేసిందనో మడమ వెనక ఎకిలిస్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే టెండన్) దగ్గర నొప్పనో వస్తారు. రెస్ట్ తీసుకోండి అని పంపేయడం తేలికే, కానీ ఎకిలిస్ లాంటి టెండన్‌కి కావలసింది కొద్దికొద్దిగా పెంచే బరువు. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లోనే మడమ కిందికి దించే వ్యాయామం రోజుకి 180 సార్లు, 12 వారాలు చేయించి ఫలితం చూపించింది.

అసలు పరీక్ష ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఉండే లిగమెంట్, తెగి వచ్చేవాళ్ళు. ఆపరేషన్ అయిన మూడో నెలకి చక్కగా నడుస్తారు, మెట్లు దిగుతారు, ఇక ఆడొచ్చా అండీ అంటారు. కనీసం తొమ్మిది నెలలు ఆపాలి, ఆ తర్వాత కూడా క్యాలెండర్ చూసి కాకుండా తొడ బలం, ఒంటికాలి గెంతు కొలిచి, ఆ కాలు రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటాకే వదలాలి. తొందరపడితే, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువ. ఇంట్లోవాళ్ళూ జట్టూ అందరూ దిగమంటున్నప్పుడు ఆగమనేది మీరొక్కరే, అలా అన్నా ఆ మనిషి మీ దగ్గరికే మళ్ళీ వచ్చేలా మాట్లాడటం ఏ మెషీనూ నేర్పదు.

స్పోర్ట్స్‌లో పీజీ డిగ్రీ ఎంపీటీ రెండేళ్ళు, వీలైతే చేయండి. జ్ఞానభారతి దగ్గర శాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రం, పదుకొణె ద్రవిడ్ స్పోర్ట్స్ సెంటర్ లాంటి పేర్లు విని మొదటి ఉద్యోగమే అక్కడ రావాలని పట్టు పట్టకండి, ఆదివారం స్కూలు టోర్నమెంట్లలో గట్టు మీద నిలబడితే దెబ్బ తగిలిన క్షణం కళ్ళారా చూస్తారు. కన్నడం కూడా నేర్చుకోండి. తెలుగుతో, ఇంగ్లీషుతో రోజులు గడిచిపోతాయి కానీ హాసన్ నుంచి వచ్చిన పదహారేళ్ళ రన్నర్ నొప్పి ఎక్కడుందో నిజం చెప్పేది తన భాషలోనే.

తర్వాత బయటి దేశం వెళ్దామనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఈ డిగ్రీతో నేరుగా ప్రాక్టీస్ పెట్టలేరు, బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తులని నియంత్రించే హెచ్‌సీపీసీ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, అమెరికాలో ఎన్‌పీటీఈ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి. సిలబస్ కాపీలు, ఇంటర్న్‌షిప్ గంటల లెటర్ కాలేజీలో తెలిసినవాళ్ళు ఉన్నప్పుడే సంతకాలు పెట్టించి తెచ్చుకోండి.