కుక్క కరిచిన పెట్టకు కొక్కెర మందులెందుకు?

ప్రశ్న: మాకు పెరట్లో 12 గ్రామప్రియ కోళ్లున్నాయి. నాలుగు రోజుల కిందట తెల్లవారుజామున వీధికుక్క గంపను తోసేసి ఒక పెట్టను నోట కరుచుకుపోయింది. మా ఆవిడ వెంటపడి లాక్కొచ్చింది. ఆమె అరచేతికి కుక్క పన్ను గీసుకుని కొంచెం రక్తం వస్తే పసుపు పెట్టాం. కోడికి వీపు మీద చిన్న గాటు తప్ప ఏమీ కనిపించలేదు. దానికీ పసుపు, సున్నం రాశాం. నిన్నటి నుంచి రెక్కలు వాల్చి మూలన నిలబడుతోంది, మేత ముట్టడం లేదు, పచ్చగా రెట్ట వేస్తోంది. కోళ్ల మందుల షాపులో అడిగితే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ అనే వైరస్ జబ్బు అన్నారు. నీళ్లలో కలిపే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి, నొప్పులకు ఒక ఇంజెక్షన్, గాయానికి ట్యూబు ఇచ్చారు. ఆర్‌2బి అనే కొక్కెర టీకా కూడా వేయించమంటున్నారు. ఇది కొక్కెరేనా? కోడికి రేబీస్ టీకా వేయించాలా? దాని గుడ్లు తినొచ్చా? – ఓ రైతు, నల్గొండ జిల్లా

జవాబు: కోడి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ పంటి గీతే నాకు అన్నిటికంటే పెద్ద విషయంగా కనిపించింది. రక్తం వచ్చిందంటే అది కుక్క కాట్లలో అన్నిటికంటే తీవ్రమైన మూడో రకం గాయం కింద లెక్క. రేబీస్ టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రేబీస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు కూడా వేయాల్సి ఉంటుంది. నాలుగు రోజులు గడిచాయి కదా అని మానకండి, ఆలస్యమైనా వెళ్లాల్సిందే. బయల్దేరే ముందు ఆ చేతిని పారే నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు పూర్తిగా పోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు ఇస్తే 14వ రోజు ఇంకొకటి ఉంటుంది. ఒక్కటి కూడా వదలొద్దు. కుక్కను పది రోజులు చూసి, అది చస్తే అప్పుడు వెళ్దాంలే అనుకోవద్దు. టీకా మొదలుపెట్టాకే కుక్కను గమనించండి.

కోడికి రేబీస్ టీకా అవసరం లేదు. పక్షులకు ఆ జబ్బు రావడం చాలా అరుదు, వాటి నుంచి మనకు రావడం గురించి భయపడక్కర్లేదు. కానీ ఈకలకు కుక్క చొంగ అంటి ఉంటుంది కాబట్టి గాయం కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. చేతికి గాయమైన మీ ఆవిడ మాత్రం ఈ పని చేయకూడదు.

ఇక కొక్కెర. ఇది కొక్కెర కాదని నా గట్టి అభిప్రాయం. కొక్కెర తెగులు ఒక్క కోడితో ఆగదు. టీకా లేని మందలో రోజుల్లోనే ఒకదాని వెనక ఒకటి పడిపోతాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాయి, కొన్నిటికి మెడ మెలి తిరుగుతుంది, కాలో రెక్కో చచ్చుబడుతుంది. మీ మిగతా 11 కోళ్లకు ఏమైనా అయిందని మీరు రాయలేదు. పచ్చ రెట్ట అంటారా, మేత తినని కోడి ఏదైనా పచ్చగానే వేస్తుంది. కడుపులో మేత లేనప్పుడు బయటికి వచ్చేది పైత్యరసమే. ఈ పెట్టకు కుక్క కాటు లోపల కుళ్లుతోంది. చూడాల్సిన చోట మీరు చూడలేదు.

కుక్క పన్ను సన్నగా దిగుతుంది, లోతుగా పోతుంది. పైన పెసరగింజంత రంధ్రం ఉంటే లోపల కండ నలిగిపోయి ఉంటుంది. పైగా కుక్క కరిచి ఊరుకోదు, పట్టి విదిలిస్తుంది. ఆ విదిలింపుకు చర్మం కండ నుంచి ఊడి లోపల సంచిలా ఖాళీ ఏర్పడుతుంది, చొంగలోని సూక్ష్మజీవులు అక్కడే పెరుగుతాయి. ఒకసారి మా దగ్గరికి ఇలాగే ‘చిన్న గాటు’ అని ఒక పెట్టను తెచ్చారు. ఈకలు గోరువెచ్చని నీళ్లతో తడిపి పాయలు తీసి చూస్తే వీపు మీద రెండు, రెక్క కింద ఒకటి, తొడ లోపలి వైపు ఒకటి, మొత్తం నాలుగు రంధ్రాలు. రెక్క కిందదాని నుంచి వాసన వస్తోంది. దవడలు రెండు ఉంటాయి కదా. వీపు మీద గాటు ఉందంటే దానికి జోడు గాటు పొట్ట వైపో రొమ్ము పక్కనో ఉంటుంది. అది దొరికేదాకా వెతకండి.

చీము కారడం లేదు కాబట్టి గాయం ఎండిందని అనుకోకండి. కోడికి చీము మనకులా పల్చగా కారదు. జున్నులా పసుపుపచ్చగా గడ్డకట్టి చర్మం కింద కూర్చుంటుంది. ఇంకొక మాట. దెబ్బ తగిలిన చోట చర్మం రెండు మూడు రోజులకు ఆకుపచ్చగా మారుతుంది. కోళ్లలో కమిలిన దెబ్బ రంగే అది, దాన్ని చూసి కంగారు పడొద్దు. నల్లబడి, చల్లగా ఉండి, వాసన వస్తేనే కుళ్లినట్లు.

ఇద్దరు కలిసి చేయండి. ఒకరు కోడిని తువ్వాలలో చుట్టి పట్టుకోవాలి. రెక్కలు కదలకుండా పట్టుకోండి గానీ రొమ్ము నొక్కొద్దు. రొమ్ము ఆడితేనే కోడికి ఊపిరి ఆడుతుంది. గట్టిగా అదిమితే చేతుల్లోనే పోతుంది. గాయం చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఈకలు కత్తెరతో కత్తిరించండి. పీకొద్దు, చర్మం చిరుగుతుంది. కాడలో రక్తం ఉన్న కొత్త ఈకల జోలికి వెళ్లొద్దు.

లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి అందులో 9 గ్రాముల ఉప్పు, అంటే టీచెంచాతో సమంగా కొలిచి ఒకటిన్నర చెంచాలు కలపండి. గోరువెచ్చగా ఉండగా సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో రంధ్రంలోకి మెల్లగా కొడుతూ పసుపు, సున్నం, గడ్డలు అన్నీ పోయేదాకా కడగండి. కానీ కోడి ఊపిరి తీసినప్పుడల్లా గాయంలోంచి గాలి బుడగలు వస్తున్నా, చుట్టూ చర్మం ఉబ్బి నొక్కితే గాలి కదిలినట్లు చప్పుడవుతున్నా లోపలికి నీళ్లు కొట్టొద్దు. ఊపిరితిత్తులకు కలిసి ఉండే గాలి సంచి చిరిగిందని అర్థం. నీళ్లు అందులోకి పోతే కోడి మునిగి చచ్చినట్లే. పైపైన తుడిచి నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కడిగాక పొవిడోన్ అయోడిన్ రాయండి, కానీ సీసాలోది సీసాలోలా వద్దు. 10 శాతం మందైతే ఒక పాలుకు 9 పాళ్లు నీళ్లు, 5 శాతం మందైతే ఒక పాలుకు 4 పాళ్లు. పల్చని టీ రంగు రావాలి. మొదటి మూడు రోజులు ఉదయం, సాయంత్రం రెండుసార్లు, తర్వాత రోజుకొకసారి. ఆరాక సిల్వర్ సల్ఫాడయాజిన్ 1 శాతం క్రీము చాలా పల్చగా రాయొచ్చు. రంధ్రాలకు కుట్లు వేయించొద్దు, వేస్తే చీము లోపలే ఉండిపోతుంది.

మీ షాపువాళ్లిచ్చిన మందుల గురించి చెప్పకుండా ఉండలేను. ఆ ట్యూబు మీద బెటామెథాసోన్ అనో క్లోబెటాసోల్ అనో ఉందేమో చదవండి. ఉంటే అది స్టెరాయిడ్. కోడికి వ్యాధినిరోధక శక్తిని తగ్గిస్తుంది, కుళ్లే గాయానికి అస్సలు పనికిరాదు. నొప్పుల ఇంజెక్షన్ పేరు మీరు రాయలేదు. ఖాళీ సీసా ఉంటే చూడండి. డైక్లోఫెనాక్ అయితే ఇంకొక చుక్క కూడా వేయొద్దు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు ఆ మందును 2006లోనే నిషేధించారు. కోళ్లకూ అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలా చచ్చిన కోడిని కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్లు తెల్లటి పొర కనిపిస్తుంది. యజమాని మాత్రం కుక్క కాటుకే పోయిందనుకుంటాడు. ఇక నీళ్లలో కలిపే టెట్రాసైక్లిన్. మీ కోడి నీళ్లే సరిగ్గా తాగకపోతే మందు దాని ఒంట్లోకి ఎలా పోతుంది? అదే తొట్టి నుంచి జబ్బు లేని 11 కోళ్లు ఆ నీళ్లు తాగుతాయి. మందు అవసరం లేని కోళ్లకు మందు, ఆ గుడ్లు మీ పిల్లలకు. ఎవరికైనా నిజంగా జబ్బు చేసిన రోజున ఇవే మందులు పని చేయకుండా పోయేది ఇలాంటి వాడకం వల్లే. కోడిని చేత్తో పట్టి చూడకుండా, రెట్ట రంగు విని మందు అమ్మేవాళ్ల మాట మీద మీరు ఇంక దేన్నీ వాడొద్దు.

దీనికి కావాల్సిన మందులు రెండే. అవి పశువైద్యుడు కోడిని తూకం వేసి రాయాలి. నొప్పికి మెలాక్సికామ్, కిలో బరువుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, 12 గంటలకోసారి నోటి ద్వారా, మూడు రోజులు. ఒంట్లో నీరు లేనప్పుడు ఇస్తే దీనివల్లా మూత్రపిండాలకు ఇబ్బందే, కాబట్టి ముందు నీళ్లు పట్టాలి. కాటులోని సూక్ష్మజీవులకు అమాక్సిసిలిన్–క్లావులనేట్, కిలోకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 5 నుంచి 7 రోజులు. కోడి లేచి తిరిగినా మధ్యలో ఆపొద్దు. ఊళ్లో డాక్టరు దొరక్కపోతే 1962 నంబరుకు ఫోన్ చేయండి.

ఇంట్లో గాలి సూటిగా తగలని మూల ఒక అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి కోడిని ఉంచండి. ఈ చలి రాత్రుల్లో ఒక పక్కన మాత్రం 40 వాట్ల బల్బు అడుగున్నర దూరంలో పెట్టండి, వేడనిపిస్తే అది రెండో పక్కకు జరగాలి. నోరు తెరిచి రొప్పితే బల్బు తీసేయండి. లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి, కిలోన్నర కోడికి రోజంతా కలిపి 80 నుంచి 100 మి.లీ. వెళ్లేలా చూడండి. ముక్కు కొసను నీళ్లలో ముంచండి, లేదా ముక్కు పక్కన చుక్కలుగా వేసి అది మింగేదాకా ఆగండి. నోరు తెరిచి గొంతులో పోయొద్దు. నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఓఆర్ఎస్ రెండు రోజులు చాలు, తర్వాత మామూలు నీళ్లు. నీళ్లు తాగడం మొదలుపెట్టాక ఉడికించిన గుడ్డు పచ్చసొన, మెత్తటి నూకల అన్నం, తడిపిన తౌడు కొద్దికొద్దిగా పెట్టండి. మెడ కింది మేత సంచి నిండుగా ఉంటే ఇంకా పెట్టొద్దు.

పెట్టె మీద దోమతెర కప్పి ఉంచండి. ఈగ గుడ్లు ఈకల మొదళ్లలో తెల్లటి రవ్వలా ఉంటాయి, ఒక్క రోజులో పురుగవుతాయి. పురుగు కనిపిస్తే పశువులకు పోసినట్లు టర్పెంటైన్, కిరోసిన్ పోయొద్దు. ఉప్పునీళ్లతో కడుగుతూ చిమ్టాతో ఏరేయండి.

రెండు కాళ్లూ బొత్తిగా ఆడకపోయినా, పేగు బయటికి కనిపిస్తున్నా, వైద్యం మొదలుపెట్టిన మూడు రోజులకూ నీళ్లు ముట్టకపోయినా దాన్ని బాధపెట్టకుండా ఏం చేయాలో డాక్టరును అడగండి. అంతేగానీ కోసుకు తినొద్దు.

ఆర్‌2బి టీకా ఈ కోడికి ఇప్పుడు వద్దే వద్దు. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయాలి. మిగతా 11 కోళ్లకు గత ఆరు నెలల్లో వేయించకపోతే మాత్రం వేయించండి. కోడికి 0.5 మి.లీ., రెక్క దగ్గర చర్మం కిందికి. మందు చల్లని డబ్బాలో తెచ్చుకుని, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి.

గాయం మీద కొత్త చర్మం కప్పేదాకా దీన్ని మందలో వదలొద్దు. ఎర్రగా కనిపిస్తే మిగతావి పొడిచి చంపుతాయి. వదిలేటప్పుడు కూడా చీకటి పడ్డాక, అన్నీ గూటికి చేరిన వేళ వదలండి. ఒకసారి రుచి మరిగిన కుక్క మళ్లీ వస్తుంది. గంప మీద బరువైన రాయి పెట్టడం ఈ రాత్రికి సరిపోతుంది. తర్వాత నేల నుంచి రెండడుగుల ఎత్తులో, వెల్డ్ మెష్ బిగించి, గడియ ఉన్న గూడు కట్టించండి. పల్చటి కోళ్ల జాలీని కుక్క పళ్లతో చించేస్తుంది.

గుడ్లు అడిగారు. మందులు వాడినన్ని రోజులూ, ఆపాక కనీసం 15 రోజులూ దాని గుడ్లు తినొద్దు, అమ్మొద్దు. మాంసానికి నెల రోజులు ఆగాలి. డాక్టరు అంతకంటే ఎక్కువ గడువు చెబితే అదే పాటించండి. టెట్రాసైక్లిన్ నీళ్లు తాగిన మిగతా కోళ్ల గుడ్ల విషయంలో ఆ పొడి ప్యాకెట్ మీద ఎన్ని రోజులని ఉందో చూసి, అన్ని రోజులూ పక్కన పెట్టండి. ఈ పెట్ట కొన్ని వారాలు గుడ్డే పెట్టకపోవచ్చు. దానికోసం టానిక్కులు కొనకండి. గాయం మానాక తలమీద తురాయి మళ్లీ ఎర్రబడితే, గుడ్లకు వస్తోందని తెలుసుకోండి.