షాతోనఫ్ దు పాప్ అనే ఫ్రెంచ్ వైన్ సీసా కొని పదేళ్లు దాచడం దండగా?

దండగ కాదు. మంచి తోటది అయితే పదేళ్లేం ఖర్మ, ఇరవై ఏళ్లైనా నిలుస్తుంది. నేను లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఈ వైన్ తయారయ్యే దక్షిణ రోన్ ప్రాంతానికి వీలు దొరికినప్పుడల్లా పోతుంటాను, కాబట్టి కాస్త ధీమాగానే చెబుతాను.

ఓ సెప్టెంబరులో మా బావగారు హైదరాబాద్ నుంచి వస్తే, ఈ వైన్‌కి పేరిచ్చిన షాతోనఫ్ దు పాప్ ఊరు చూపించాను. అవిన్యోన్‌కి కాస్త ఉత్తరాన ఉంటుంది. ఆ రోజు మిస్ట్రాల్ అనే ఉత్తరపు ఈదురు గాలి, కారు తలుపు తీయడమే కష్టమైంది. ఆ గాలికి తట్టుకోవాలని గ్రెనాష్ రకం ద్రాక్ష మొక్కల్ని పొట్టిగా, పొదల్లా పెంచుతారు. తోటలో మట్టి కనబడదు, అన్నీ నున్నటి గుండ్రాళ్లే. పొద్దుగూకాక ఒకటి చేతిలోకి తీసుకుని, "బామ్మర్దీ, ఇది ఇంకా వెచ్చగానే ఉందిరా" అన్నారాయన. ఈ రాళ్ల వల్లే వైన్ గొప్పదని ఊరంతా చెప్తారు. నాకైతే సగం పబ్లిసిటీ అనిపిస్తుంది. అక్కడ అందరూ కళ్లకద్దుకునే షాతో రయాస్ తోట ఇసుక నేల మరి!

ఓ చిన్న సెల్లార్‌లో, అంటే వైన్ దాచే గదిలో, పెద్దాయన ముందు కొత్త వైన్ పోశాడు. బావగారి మొహం పచ్చి వెలక్కాయ కొరికినట్టు అయిపోయింది. తర్వాత 2007ది తీశాడు. అంచు ఇటుక రంగుకు తిరిగింది, అడుగున మడ్డి. ఎండు అంజీర్, తోలు, ఏవో అడవి ఆకుల వాసన. వగరు మొత్తం మెత్తబడిపోయింది. బావగారు ఐసు అడిగారు. పెద్దాయన వినబడనట్టు ఊరుకున్నాడు, నేనూ అనువదించలేదు.

దాస్తే నిలవడానికి కారణం ద్రాక్ష రకాల మిశ్రమమే. గ్రెనాష్ తీపి పండు రుచి, ఆల్కహాల్ ఇస్తుంది గానీ గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. మూర్‌వెద్ర్ అనే ద్రాక్ష దానికి వెన్నెముక, సిరా (Syrah) అనే ద్రాక్ష రంగు ఇస్తుంది. ఈ పేరుతో వైన్ చేయడానికి ఉన్న నిబంధనల్లో 13 రకాల ద్రాక్ష అని ఉంది, కానీ చాలామంది మూడు నాలుగుతోనే కానిస్తారు. ఆ నిబంధనలకు 1923లో అక్కడి తోట యజమాని బారన్ లె రువా పునాది వేశాడు, 1936లో ప్రభుత్వ ముద్ర పడింది. పట్టింపు ఎంతంటే, 1954లో ఎగిరే పళ్లేలు తోటల్లో దిగకూడదని ఊరి మేయరు ఉత్తర్వు కూడా ఇచ్చాడు!

ఇక నా బాధ. సీసా మీద పోప్ కిరీటం, తాళం చెవుల ముద్ర ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, మనవాళ్లు ఆ ముద్ర చూసే కొంటారు. సూపర్ మార్కెట్లో చవగ్గా దొరికే వాటిని దాచడం అనవసరం, నాలుగైదేళ్లలో తాగేయాలి. కొన్నాక మళ్లీ షోకేసులో నిలబెట్టి, పైన లైటు వేస్తారు. మే నెలలో కరెంటు పోయిన ఫ్లాటులో అది వైన్‌గా మిగలదు. 12–14 డిగ్రీల చల్లదనం, చీకటి, సీసా పడుకోబెట్టడం, ఇవి కుదరకపోతే ఈ సంక్రాంతికే మటన్ కూరతో తీసేయండి.

నన్నడిగితే, పేరు కోసం కాకుండా రుచి కోసం దాచేవాళ్లు పక్కనే ఉన్న జిగోండాస్ ఊరి వైన్ కొనాలి. అదీ గ్రెనాష్ మిశ్రమమే, అదీ పదేళ్లు నిలుస్తుంది, ధర మాత్రం బాగా తక్కువ.