బుట్టలో పడ్డ పురుగుల లెక్కతో ముందే అంచనా వేయొచ్చా?

ప్రశ్న: పత్తిలో లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టి, గులాబీ రంగు పురుగు రోజుకు ఎన్ని పడ్డాయో మూడేళ్లుగా నోటుబుక్కులో రాస్తున్నాను. ఒకరోజు 2 పడితే మర్నాడు 15 పడుతున్నాయి. సీజన్ మొత్తానికి సగటు తీస్తే బుట్టకు 5 కూడా రావట్లేదు. మందు కొట్టాలా? వచ్చే వారం ఎన్ని పడతాయో ముందే తెలుస్తుందా?
– ఒక రైతు, చండూరు మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: మూడేళ్లు విడవకుండా రాశారంటే నిజంగా మెచ్చుకోవాలి. అయితే సీజన్ మొత్తానికి సగటు తీయకండి. ఈ పురుగు పూత దశలో మొదలై, కాయ దశలో, ముఖ్యంగా అక్టోబరు తర్వాత ఉధృతమవుతుంది. మొదటి నెలల సున్నాలు కూడా కలిపితే అసలు ప్రమాదం ఆ సగటులో కనబడకుండా పోతుంది.

ఇలాంటి లెక్కలకు మేం ముందుగా చూసేది పాయిసాన్ పద్ధతి, అంటే సగటును బట్టి రోజుకు ఎన్ని పడొచ్చో చెప్పే గణాంక సూత్రం. దాని ప్రకారం సగటున 9 పడే చోట ఎక్కువ రోజులు 6 నుంచి 12 దాకా పడాలి. పొలంలో అంత నిలకడ ఉండదు. ఒక తరం రెక్కల పురుగులు ఒకేసారి బయటికొస్తాయి, వాన రాత్రి బుట్ట ఖాళీగా ఉంటుంది. అందుకే ఇంతటి ఎగుడుదిగుళ్లను కూడా పట్టే నెగెటివ్ బైనామియల్ పద్ధతి వాడి, అందులో నిన్నమొన్నటి లెక్కను, గతేడాది ఇదే దశలో పడ్డ లెక్కను, వానను, ఉష్ణోగ్రతను కలుపుతాం. ఒక్క పొలం మూడేళ్ల లెక్కతో వచ్చే వారం ఇన్నే పడతాయని చెప్పడం కష్టం. చుట్టుపక్కల ఊళ్ల లెక్కలు కూడా కలిస్తే అంచనా గట్టిపడుతుంది.

మీరు చేతితోనే ఒక గ్రాఫ్ గీయండి. తేదీల ప్రకారం కాకుండా, విత్తిన రోజు నుంచి వారాలు లెక్కపెట్టి మూడేళ్ల గీతలను ఒకదానిపై ఒకటి వేయండి. వానలు ఆలస్యమై విత్తనం జూలైకి జరిగిన ఏడాది తేదీలు చూస్తే పొరపాటు పడతాం. ఈసారి గీత ముందే లేస్తుంటే జాగ్రత్తపడండి.

రాసేటప్పుడు ఒక్కటి మరవొద్దు. బుట్ట చూడని రోజు సున్నా వేయకండి, ఆ చోట అడ్డగీత (–) పెట్టండి. రెండు రాత్రులకు కలిపి లెక్కపెడితే రెండుతో భాగించండి. ఎర మార్చిన తేదీ కూడా రాయండి. నెల దాటిన ఎరకు వాసన తగ్గి పురుగులు పడవు, ఉధృతి తగ్గిందని మనం మోసపోతాం.

మందుకు మాత్రం అంచనా కోసం ఎదురుచూడొద్దు. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడినా, నూటికి 10 గుడ్డి పూలు (పురుగు పట్టి రేకులు విచ్చుకోనివి) కనిపించినా లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. లేదా థయోడికార్బ్ 1.5 గ్రా. కలిపి పిచికారీ చేయండి.