లేబుల్ చెరిగిన కంట్రోలర్ ఏ మోటారుది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటరు నుంచి తీసినదని చెబితే మోటారును నడిపే ఒక పాత కంట్రోలర్ కొన్నాను. అల్యూమినియం పెట్టె మీద స్టిక్కరు పూర్తిగా చెరిగిపోయింది. లావువి, సన్నవి కలిసి చాలా వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి. అది ఎన్ని వోల్టులదో, ఎలాంటి మోటారుకు పనికివస్తుందో బ్యాటరీ పెట్టకుండానే తెలుసుకోవచ్చా?

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. అది తెలిశాకే బ్యాటరీ పెట్టాలి. స్టిక్కరు లేదని బెంగ పెట్టుకోనక్కరలేదు. ఒకే రకం పెట్టెలో వేర్వేరు బోర్డులు బిగించి అమ్మడం మామూలే కాబట్టి, స్టిక్కరు ఉన్నా నేను దాన్ని సగమే నమ్ముతాను. నమ్మదగిన ఆధారాలు వైర్ల లావులోనూ పెట్టె లోపలా ఉంటాయి.

మొదట లావు వైర్లను లెక్కపెట్టండి. ఐదు ఉంటే అది బ్రష్‌లు లేని, మూడు ఫేజుల మోటారుకు చెందిన కంట్రోలర్: రెండు బ్యాటరీకి, మూడు మోటారుకు. మోటారువి తరచుగా పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటాయి. నాలుగే ఉంటే అది కార్బన్ బ్రష్‌లున్న మామూలు డీసీ మోటారుది. ఈ రెండింటినీ ఒకదాని బదులు మరొకటి వాడే వీలు లేదు. ఐదు లావు వైర్లతో పాటు ఐదు సన్నని వైర్లున్న కనెక్టరు కూడా కనిపిస్తే అది మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పే, లోపలి హాల్ సెన్సర్ల కోసం. అది లేకపోతే సెన్సర్లు లేకుండా నడిపే రకం అయి ఉండవచ్చు.

తరువాత పెట్టె విప్పాలి. విప్పేముందు బ్యాటరీ వైర్ల రెండు కొసల మధ్య ఒక రెసిస్టరును కాసేపు ఆనించి కెపాసిటర్లలో మిగిలిన చార్జిని దించేయండి. లోపల బ్యాటరీ వైర్ల దగ్గర నిలబడి ఉండే పెద్ద గుండ్రటి కెపాసిటర్ల మీద 63 వోల్టులు అని ఉంటే అది 36 లేదా 48 వోల్టుల కంట్రోలర్ అయి ఉంటుంది. 100 వోల్టులు అని ఉంటే 60 లేదా 72 వోల్టులది కావచ్చు. కెపాసిటర్ మీది అంకె అది తట్టుకునే గరిష్ఠ పరిమితే తప్ప నడిపే వోల్టేజ్ కాదు. 48 వోల్టులదిగా పిలిచే, 13 సెల్లుల లిథియం బ్యాటరీ నిండా చార్జయినప్పుడు 54.6 వోల్టులు ఇస్తుంది. 72 వోల్టులదిగా పిలిచే 20 సెల్లుల బ్యాటరీ 84 వోల్టులకు చేరుతుంది. ఈ నిండు చార్జి అంకెనే పరిమితితో పోల్చాలి.

అంతటితో ఆగకుండా పెట్టె గోడకు బిగించిన, కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులైన మాస్‌ఫెట్ల నంబరు కూడా చదవండి. ఉదాహరణకు ఐఆర్‌ఎఫ్‌బి 4110 అనేది 100 వోల్టులు తట్టుకుంటుంది, 75ఎన్ఎఫ్75 అనేది 75 వోల్టులే తట్టుకుంటుంది. కెపాసిటరు, మాస్‌ఫెట్ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. మాస్‌ఫెట్లు ఆరు ఉంటే చిన్న కంట్రోలర్. పన్నెండు, పద్దెనిమిది ఉంటే ఒక్కొక్క స్విచ్‌కు రెండేసి, మూడేసి జతచేశారన్నమాట. కాబట్టి అది ఎక్కువ కరెంటు మోయగలదు.

భాగాలు తట్టుకోవడం వేరు, కంట్రోలర్ ఆన్ కావడం వేరు. బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా కాపాడే కటాఫ్ హద్దు లోపలే ఉంటుంది. 48 వోల్టుల రకాల్లో అది తరచుగా 40 వోల్టుల పైచిలుకు దగ్గర ఉంటుంది. దానికి 36 వోల్టుల బ్యాటరీ పెట్టి కదలక, ‘పాడైపోయింది’ అని పక్కన పడేసిన మంచి కంట్రోలర్లు చాలానే ఉంటాయి.

ఇక సన్న వైర్ల సంగతి. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. తాళంచెవి స్విచ్‌కు వెళ్లే సన్న వైరుకు పూర్తి బ్యాటరీ వోల్టేజ్ అందితేనే కంట్రోలర్ మేల్కొంటుంది. యాక్సిలరేటరుకూ హాల్ సెన్సర్లకూ వెళ్లే ఎర్ర వైర్లలో ఉండేది మాత్రం కంట్రోలరే తయారుచేసే 5 వోల్టులు. రెండూ ఎర్రగానే ఉండవచ్చు. పొరపాటున 48 వోల్టులను ఆ 5 వోల్టుల వైరుకు తగిలిస్తే సెన్సర్లు, ప్రాసెసరు ఒక్క క్షణంలో పోతాయి. రంగును బట్టి కాకుండా, బోర్డు మీద ఆ వైరు ఎక్కడికి వెళుతుందో చూసి నిర్ణయించండి. స్విచ్ వైరు వోల్టేజ్ తగ్గించే పెద్ద రెసిస్టరు లేదా రెగ్యులేటరు వైపు వెళుతుంది. యాక్సిలరేటరు వైరు ఆ రెగ్యులేటర్లు దాటాక వచ్చే 5 వోల్టుల లైను నుంచి బయలుదేరుతుంది.

ప్రశ్న: కొనే చోటే కంట్రోలర్ బాగుందో లేదో చూసే మార్గం ఉందా? నా దగ్గర మల్టీమీటరు మాత్రమే ఉంది.

జవాబు: ముఖ్యమైన పరీక్షకు అది చాలు. మీటరును డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబును కంట్రోలర్ బ్యాటరీ మైనస్ వైరుకు ఆనించి, నల్ల ప్రోబును మూడు మోటారు వైర్లకు ఒకదాని తరువాత ఒకటి ఆనించండి. మూడింటిలోనూ దాదాపు ఒకే అంకె, సుమారు 0.4 నుంచి 0.6 వరకు రావాలి. తరువాత నల్ల ప్రోబును బ్యాటరీ ప్లస్ వైరుకు ఆనించి, ఎర్ర ప్రోబుతో మళ్లీ మూడింటినీ తాకండి. అప్పుడూ అలాగే రావాలి. ఏదైనా ఒకదాంట్లో సున్నా దగ్గర అంకె వచ్చి మీటరు బీప్‌మంటే ఆ ఫేజు మాస్‌ఫెట్ షార్టయిందని అర్థం. మీటరు కూడా లేకపోతే, మోటారు తగిలించి ఉన్న బండి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అడుగడుగునా పట్టేసినట్టు బిగుతుగా తిరిగి, మూడు ఫేజు వైర్లు విడదీయగానే తేలికగా తిరిగితే తప్పు కంట్రోలర్‌దే.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ ప్లస్ వైరు దారిలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టండి. కెపాసిటర్లు నిండేటప్పుడు నిప్పురవ్వ రాకుండా అదే ఆపుతుంది. బల్బు వెలగకుండా ఉన్నా, క్షణం మినుక్కుమని ఆరినా మంచిదే. మసకగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఈ గండం గడిచాక బల్బు తీసి, చిన్న ఫ్యూజు పెట్టి, చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి ఉంచి నడపండి.

కొనేటప్పుడు ఇంకో మాట. వైర్లు మొదలంటా కత్తిరించిన కంట్రోలర్ కంటే కనెక్టర్లన్నీ ఉన్నది, వీలైతే దాని మోటారు, యాక్సిలరేటరుతో సహా దొరికేది ఎంచుకోండి. ధర ఎక్కువైనా, తరువాత పడే తంటాలతో పోలిస్తే అదే చవక.

ప్రశ్న: వేరే మోటారుకు ఒక పాత కంట్రోలర్ తగిలించాను. రంగుకు రంగు కలిపినా మోటారు తిరగకుండా గరగరమని కంపిస్తోంది. కంట్రోలర్ పాడైనట్టేనా?

జవాబు: అయి ఉండకపోవచ్చు. ఫేజు, హాల్ వైర్ల రంగుల వరుసను తయారీదారులందరూ ఒకేలా పాటించరు. ముందు హాల్ సెన్సర్లు పనిచేస్తున్నాయో చూడండి. కంట్రోలర్ ఆన్ చేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో సిగ్నలు వైరును హాల్ కనెక్టరులోని నల్ల వైరుతో పోల్చి కొలిస్తే, అంకె సున్నా దగ్గరికీ 5 వోల్టుల దగ్గరికీ మారుతూ ఉండాలి. లోపల గేర్లున్న చక్రపు మోటారైతే ముందుకు తిప్పినప్పుడు లోపలి మోటారు కదలదు, వెనక్కి తిప్పాలి. ఒక వైరు ఏదో ఒక అంకె దగ్గరే నిలిచిపోతే ఆ సెన్సరు పోయింది లేదా వైరు తెగింది. ప్రతి స్థానంలో చక్రాన్ని కదపకుండా మూడు వైర్లనూ కొలిచి రాసుకోండి: ఎక్కడైనా మూడూ ఒకేసారి పైన గానీ ఒకేసారి కింద గానీ ఉంటే అది 60 డిగ్రీల అమరిక, ఎప్పుడూ అలా కాకపోతే 120 డిగ్రీలది. కంట్రోలర్ కూడా అదే అమరికను ఆశించేదై ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉంటే హాల్ వైర్లను కదపకుండా మూడు ఫేజు వైర్లనే మార్చి చూడండి. ఉన్నవి ఆరు వరుసలే, వాటిలో ఒక్కటే సరైనది. ప్రతి మార్పుకూ ముందు కరెంటు తీసేసి, యాక్సిలరేటరును కొద్దిగానే తిప్పండి. ఇక్కడ ఒక మోసం ఉంది: కొన్ని తప్పు వరుసల్లో కూడా మోటారు తిరుగుతుంది, కాకపోతే మోతగా తిరిగి త్వరగా వేడెక్కుతుంది. అందుకే బ్యాటరీ దారిలో ఆంపియర్ మీటరు పెట్టి, నిశ్శబ్దంగా, అతి తక్కువ కరెంటుతో తిరిగే వరుసను ఎంచుకోవాలి. సరైన వరుస దొరికినా మోటారు వెనక్కి తిరిగితే, హాల్ సిగ్నళ్లలో ఏవైనా రెండింటిని తారుమారు చేసి ఫేజులను మళ్లీ మొదటినుంచి వెతకండి. కొన్ని కంట్రోలర్లలో ఈ పనంతా తనంతట తానే నేర్చుకునేందుకు ఒక వైర్ల జత ఉంటుంది, చాలాసార్లు తెల్లనివి. రెండూ కలిపితే మోటారు మెల్లగా తిరుగుతుంది, దిశ సరిగా ఉన్నప్పుడు విడదీయాలి.

ప్రశ్న: మూసేసిన ఒక వర్క్‌షాపు నుంచి ఏసీ మోటారు వేగం మార్చే డ్రైవ్ ఒకటి దొరికింది. కొన్నేళ్లుగా వాడకుండా ఉందట. మా కత్తిరింపు యంత్రానికి పెట్టుకోవచ్చా?

జవాబు: మీ యంత్రానిది మూడు ఫేజుల ఇండక్షన్ మోటారైతే పెట్టుకోవచ్చు. కెపాసిటరుతో నడిచే సింగిల్ ఫేజు మోటారును ఈ డ్రైవ్‌లతో నడపకూడదు. సరఫరా ఆర్, ఎస్, టి గుర్తులున్న టెర్మినళ్లకు, మోటారు యు, వి, డబ్ల్యూ టెర్మినళ్లకు వెళ్లాలి. సరఫరాను యు, వి, డబ్ల్యూకు ఇస్తే డ్రైవ్ అప్పుడే కాలిపోతుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా ఉన్న కెపాసిటర్లలోని ఇన్సులేషన్ పొర బలహీనపడుతుంది, అందుకే ఒక్కసారిగా పూర్తి సరఫరా ఇవ్వకుండా వేరియాక్ (వోల్టేజ్ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఆ మెట్లు డ్రైవ్ మాన్యువల్‌లో ఉంటాయి. 230 వోల్టుల సరఫరాతో నడిచే డ్రైవ్ లోపల సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ఆపిన తరువాత కూడా కొంతసేపు ప్రాణాంతకంగానే ఉంటుంది. మూత మీద రాసినంతసేపు ఆగి, మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టండి. నడిపేముందు పాత యజమాని పెట్టిన సెట్టింగులను ఫ్యాక్టరీ స్థితికి మార్చి, మీ మోటారు ప్లేటు మీది ఆంపియర్లు, హెర్ట్జ్ అంకెలు కొత్తగా నింపండి. ప్లేటు మీద 230/400 అని ఉంటే, 230 వోల్టులు ఇచ్చే డ్రైవ్‌కు మోటారును డెల్టాలో (మూడు వైండింగులను త్రిభుజంలా) కలపాలి.

ప్రశ్న: పాడైన ట్రెడ్‌మిల్ మోటారు, బోర్డు తీసి డ్రిల్లు యంత్రానికి అమర్చాలనుకుంటున్నాను. వేగం మార్చే నాబ్‌ను బయటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు, అయితే అది ఎలాంటి నాబో ముందు చూడండి. ఈ బోర్డుల్లో చాలావాటికి మెయిన్స్‌తో సంబంధం తెంచే ఐసోలేషన్ ఉండదు, నాబ్‌కు వెళ్లే సన్న వైర్లలో కూడా మెయిన్స్ వోల్టేజ్ ఉండవచ్చు. ప్లాస్టిక్ కడ్డీ ఉన్న పొటెన్షియోమీటరు వాడి, దాన్ని ఎర్తు చేసిన పెట్టెలో మూసి ఉంచండి. బోర్డుతో పాటు మోటారు దారిలో ఉండే లావు తీగ చుట్టిన చోక్ కాయిల్‌ను కూడా తెచ్చుకోండి. అది లేకపోతే మోటారు ఎక్కువ మోత చేస్తుంది, వేడెక్కుతుంది. కన్సోల్ నుంచి పల్స్ సిగ్నలు ఆశించే బోర్డయితే ఉత్త పొటెన్షియోమీటరుతో కదలదు, కన్సోల్‌ను కూడా తీసుకోవడమే సులువు.

ప్రశ్న: కంట్రోలర్ లోపలి లావు రాగి తీగ లాంటి షంట్ మీద సోల్డరు పూస్తే పికప్ పెరుగుతుందని విన్నాను. నిజమా?

జవాబు: పెరుగుతుంది. కరెంటును కొలిచే షంట్ నిరోధం తగ్గి, కంట్రోలర్ తనకు తెలియకుండానే ఎక్కువ కరెంటు వదులుతుంది. మాస్‌ఫెట్లు మాత్రం పాతవే కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు మొదట పోయేవి అవే. పికప్ కావాలంటే ఎక్కువ మాస్‌ఫెట్లున్న కంట్రోలర్ వెతుక్కోండి, అంత కరెంటును మీ బ్యాటరీ, దాన్ని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ మోయగలవో లేదో కూడా చూసుకోండి.