టెక్ సందేహాలు: దూరం లెక్కకు పీఎన్‌ఆర్ ఎందుకు?

సందేహం: అమ్మానాన్న వచ్చే నెల ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్తున్నారు. ఒక యాప్‌లో దూరం 12,370 కిలోమీటర్లు, ప్రయాణం 13 గంటల 45 నిమిషాలు అని ఉంది. టికెట్ మీద చూస్తే దాదాపు 16 గంటలు. ఏది నమ్మాలి? కచ్చితమైన సమయం కావాలంటే పీఎన్‌ఆర్, ఇంటిపేరు ఇవ్వమని యాప్ అడుగుతోంది. ఇవ్వవచ్చా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: టికెట్‌నే నమ్మండి. పీఎన్‌ఆర్ మాత్రం ఇవ్వకండి.

సెలవులు దగ్గరపడితే చాలు, ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. ఈ రకం యాప్‌లు చేసేది చిన్న లెక్క. రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి గీత గీసి, దాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తాయి. విమానం ఆ గీత మీద పోదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్లేవి చుట్టు తిరగాల్సి వచ్చింది. గాలి సంగతి మరీ ముఖ్యం. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా వెనకనుంచి వీచే గాలి తోడై పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, పాత దారిలో కన్నా రెండు గంటలు ముందు. ఇవేవీ చూడకుండా నిమిషాలతో సహా సమయం చూపించడం జనాన్ని తప్పుదారి పట్టించడమే. అది అంచనా అని ఒక్క మాట రాయడానికి కూడా వీళ్లకు చేతులు రావు.

నన్ను భయపెడుతున్నది ఆ రెండో ప్రశ్న. పీఎన్‌ఆర్, ఇంటిపేరు కలిస్తే అదే తాళంచెవి. చాలా విమాన సంస్థల సైట్లలో ఆ రెండూ కొడితే బుకింగ్ మొత్తం తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు. ఫోన్ నంబరు, ఈమెయిల్, తిరుగు ప్రయాణం తేదీ కనిపిస్తాయి. కొన్నిచోట్ల సీటు మార్చవచ్చు, టికెట్ రద్దు చేయవచ్చు. బ్యాంకు యాప్‌కు రెండంచెల భద్రత పెట్టే కాలంలో లక్షల రూపాయల టికెట్లను ఆరు అక్షరాల కోడ్‌కు వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

మనవాళ్ల నిర్లక్ష్యమూ తక్కువేమీ కాదు. చెక్-ఇన్ కాగానే బోర్డింగ్ పాస్ ఫొటో తీసి కుటుంబం గ్రూపులో, స్టేటస్‌లో పెట్టేస్తున్నారు. పీఎన్‌ఆర్ మీద వేలు అడ్డం పెట్టినా లాభం లేదు. పక్కనున్న బార్‌కోడ్‌లో పేరు, పీఎన్‌ఆర్, విమానం నంబరు, సీటు అన్నీ ఉంటాయి, ఫోనులోని మామూలు స్కానర్ యాప్ చదివేస్తుంది. ఆ వివరాలు చేతికొచ్చిన మోసగాడు పెద్దవాళ్లకు ఫోన్ చేసి, పేరు పెట్టి పలకరించి, సీటు నంబరు కూడా చెప్పి, “మీ విమానం రద్దయింది, వేరే దాంట్లోకి మార్చడానికి డబ్బు కట్టండి” అంటే నమ్మకుండా ఎలా ఉంటారు?

విమానం ఎక్కడుందో చూడటానికి పీఎన్‌ఆర్ అక్కర్లేదు. విమానం నంబరు, తేదీ ఇస్తే ట్రాకింగ్ సైట్లు చూపిస్తాయి. మీ అక్కకు ఆ రెండూ పంపండి. ఇప్పటికే యాప్‌లో వివరాలు ఇచ్చేసి ఉంటే, ఈ రోజే విమాన సంస్థ సొంత సైట్‌లో బుకింగ్ తెరిచి ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా, తేదీలు మారాయా చూసుకోండి. రద్దయిందంటూ ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, టికెట్ మీదున్న నంబరుకు మీరే చేయాలని అమ్మానాన్నలకు ముందే చెప్పండి.